ఏపీఐ ఉపకరణాలలో బృంద అమరికలు, కార్యకలాపాల చిట్టా

రెండు కంప్యూటరు ప్రోగ్రాములు తమలో తాము సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకొనే పద్ధతిని ఏపీఐ అంటారు. ఏపీఐలను తయారుచేయుటకు, పరీక్షించుటకు పోస్ట్‌మ్యాన్, ఇన్సోమ్నియా, హాప్‌స్కాచ్, బ్రూనో వంటి ఉపకరణాలు వాడుకలో ఉన్నాయి. ఇటువంటి ఉపకరణాన్ని పలువురు కలిసి వాడునపుడు రెండు ఏర్పాట్లు అవసరమవుతాయి. ఎవరు ఏ పని చేయవచ్చునో ముందుగా నిర్ణయించేవి బృంద అమరికలు. ఎవరు ఏ పని ఎప్పుడు చేశారో తరువాత తెలిపేది కార్యకలాపాల చిట్టా. ఈ రెండూ ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. పదిమంది ఒకే లాగిన్ వాడితే చిట్టాలో ఒకే పేరు కనిపిస్తుంది. చిట్టాను చెరిపివేసే అధికారం పని చేసేవారికే ఉంటే ఆ చిట్టా సాక్ష్యంగా నిలబడదు.

పదాల వివరణ

ఏపీఐ అనేది ఒక కార్యాలయపు గవాక్షం వంటిది. బయటివారు లోపలికి వెళ్ళి దస్త్రాలు వెదకనక్కరలేదు. నిర్ణీతమైన రూపంలో అభ్యర్థన ఇస్తే నిర్ణీతమైన రూపంలో జవాబు వస్తుంది. అంతర్జాలంలో రైలు టిక్కెట్టు కొన్నపుడు టిక్కెట్టు అమ్మే ప్రోగ్రాము, బ్యాంకు ప్రోగ్రాము ఏపీఐల ద్వారానే మాట్లాడుకుంటాయి. అభ్యర్థన పంపినది ఎవరో గుర్తించుటకు చాలా ఏపీఐలు ఒక రహస్య సంకేతాన్ని అడుగుతాయి. దీనిని ఏపీఐ కీ అంటారు. ఇది చేతిలో ఉన్నవారు దాని యజమాని పేరిట అభ్యర్థనలు పంపగలరు.

చిట్టా అనే మాట తెలుగువారి లెక్కల పుస్తకాలలో ఏనాటినుండో ఉన్నది. ఏ రోజు జమాఖర్చులను ఆ రోజు వరుసగా వ్రాసేది చిట్టా. వాటిని మనుషుల వారీగా, పద్దుల వారీగా విడదీసి వ్రాసేది ఆవర్జా. చిట్టాలో ఒక పద్దు తప్పుగా పడితే దానిని చెరిపివేయుట సరియైన పద్ధతి కాదు. దానికి సరిపోయే ఎదురు పద్దు వ్రాయవలెను. కంప్యూటరులో లాగ్ అని పిలిచే చిట్టాకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. కొత్త పద్దులు చివర చేరుతూ పోవాలి, పాతవి మారరాదు.

ఉపకరణాల చరిత్ర

వెబ్ ఆధారిత ఏపీఐల నిర్మాణానికి ఎక్కువగా అనుసరించే రెస్ట్ పద్ధతిని రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పరిశోధనా గ్రంథంలో వివరించాడు. అభ్యర్థనలను చేతితో పంపి చూచుటకు ప్రోగ్రామర్లు చాలాకాలం కర్ల్ అనే ఉపకరణాన్ని వాడేవారు. డానియల్ స్టెన్‌బర్గ్ తయారుచేసిన ఈ ఉపకరణం 1998 నుండి ఆ పేరుతో వాడుకలో ఉన్నది. ఇది ఒక్కరు తమ కంప్యూటరులో వాడుకొనేది కనుక ఇందులో బృందం, చిట్టా అనే ప్రశ్నలు లేవు.

2012లో అభినవ్ ఆస్థానా క్రోమ్ విహారిణికి అనుబంధంగా పోస్ట్‌మ్యాన్‌ను విడుదల చేశాడు. తరువాత అంకిత్ సోబ్తి, అభిజిత్ కానేలతో కలిసి 2014లో బెంగళూరులో సంస్థను నెలకొల్పాడు. అభ్యర్థనలను ఒక సంచయంగా భద్రపరచి తోటివారితో పంచుకొనే వీలు కల్పించుటతో ఇది వ్యక్తిగత ఉపకరణం నుండి బృంద ఉపకరణంగా మారినది. ఇన్సోమ్నియా, కేరళకు చెందిన లియాస్ థామస్ 2019లో ప్రారంభించిన హాప్‌స్కాచ్ కూడా ఈ కోవకు చెందినవే.

సంచయాలు సంస్థవారి సర్వర్లలో నిలువ ఉండుట అందరికీ నచ్చలేదు. 2023లో పోస్ట్‌మ్యాన్ తన స్క్రాచ్‌ప్యాడ్ అనే సదుపాయాన్ని తొలగించినది. లాగిన్ లేకుండా, పని అంతా సొంత కంప్యూటరులోనే ఉంచుకొనుటకు అది ఉపయోగపడేది. ఇదే సమయంలో ఆదరణ పొందిన బ్రూనో సంచయాలను కంప్యూటరులోని ఒక ఫోల్డరులో సాధారణ పాఠ్య దస్త్రాలుగా ఉంచుతుంది. వీటిని పంచుకొనుటకు, మార్పుల చరిత్రను నిలుపుకొనుటకు 2005లో లినస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్‌ను వాడుతారు.

బృంద అమరికలు

పాత్రలు: పోస్ట్‌మ్యాన్‌లో బృంద స్థాయిలో సూపర్ అడ్మిన్, అడ్మిన్, బిల్లింగ్, డెవలపర్ వంటి పాత్రలు ఉన్నాయి. అడ్మిన్ సభ్యులను చేర్చుట, తొలగించుట, బృంద అమరికలను మార్చుట చేయగలడు. సూపర్ అడ్మిన్‌కు వీటితోపాటు బృందానికి చెందిన వనరులన్నిటిపై అధికారం ఉంటుంది. బిల్లింగ్ పాత్ర చెల్లింపులకు సంబంధించినది. డెవలపర్ అభ్యర్థనలపై పనిచేసేవాడు. ఏ పాత్రలు అందుబాటులో ఉంటాయనేది చందా పథకాన్ని బట్టి మారుతుంది.

కార్యస్థలాలు: బృందం చేసే పనిని అంశాల వారీగా విడదీసి ఒక్కొక్కదానికి ఒక కార్యస్థలం ఏర్పాటు చేస్తారు. కార్యస్థలంలో అడ్మిన్, ఎడిటర్, వ్యూయర్ అనే పాత్రలు ఉంటాయి. వ్యూయర్ చూడగలడు కాని మార్చలేడు. కార్యస్థలం వ్యక్తిగతమా, బృందానిదా, బహిరంగమా అనే అమరిక అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసినది. బహిరంగమైనచో అందులోనిది ప్రపంచంలో ఎవరైనా చదువవచ్చును.

రహస్య విలువలు: ఏపీఐ కీలను, సంకేతపదాలను అభ్యర్థనలోనే వ్రాయకుండా చరరాశుల రూపంలో విడిగా ఉంచుట పద్ధతి. ఒక విలువను తన కంప్యూటరుకే పరిమితం చేయుటకు, బృందంతో పంచుకొనుటకు వేర్వేరు మార్గాలు ఉన్నాయి. ఈ భేదం తెలియక కీని పంచుకొనే గడిలో వ్రాయుట కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

ప్రవేశం: పెద్ద సంస్థలలో ఉద్యోగి తన కార్యాలయపు ఒకే లాగిన్‌తో అన్ని ఉపకరణాలలో ప్రవేశించే ఏర్పాటు ఉంటుంది. ఉద్యోగం మానిన వ్యక్తి లాగిన్‌ను ఒకచోట రద్దు చేస్తే మిగిలిన ఉపకరణాలలోనికి కూడా ఆ దారిన రాలేడు. అయినను అతని వద్ద ఉన్న ఏపీఐ కీలు దానంతట అవే చెల్లకుండా పోవు. వాటిని విడిగా మార్చవలెను.

కార్యకలాపాల చిట్టా

ఒక పద్దులో ముఖ్యంగా నాలుగు సంగతులు ఉంటాయి: ఎవరు, ఏమి, దేనిపై, ఎప్పుడు. కొన్ని ఉపకరణాలు ఏ ఐపీ చిరునామా నుండి అనే సంగతిని కూడా చేరుస్తాయి. చిట్టాలు రెండు రకాలు.

మొదటిది మార్పుల చరిత్ర. ఒక సంచయంలో ఏ అభ్యర్థనను ఎవరు మార్చారో ఇది చూపుతుంది. సంచయాన్ని పూర్వస్థితికి తెచ్చుటకు కూడా ఉపయోగపడుతుంది. ఇది పనిచేసే సభ్యుల కొరకు ఉద్దేశించినది.

రెండవది పరిశీలన చిట్టా. దీనినే ఆడిట్ లాగ్ అంటారు. సభ్యులు చేరుట, వైదొలగుట, పాత్రలు మారుట, అమరికలు మారుట, లాగిన్‌లు ఇందులో నమోదవుతాయి. దీనిని చూచే అధికారం నిర్వాహకులకు మాత్రమే ఉంటుంది. పోస్ట్‌మ్యాన్‌లో ఇది ఖరీదైన పథకాలలో లభించే సదుపాయం. పద్దులను సీఎస్‌వీ దస్త్రంగా దించుకొనవచ్చును, లేదా ఏపీఐ ద్వారానే తెచ్చుకొని వేరొక చోట భద్రపరచవచ్చును. ఉచిత పథకంలో ఉన్న విద్యార్థులకు మొదటి రకం చిట్టాయే ఆధారం.

చిట్టాలను చదువునపుడు కాలమానాన్ని గమనించవలెను. చాలా చిట్టాలు సమన్వయ సార్వత్రిక కాలంలో నమోదవుతాయి. భారత కాలమానం దీనికంటె 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. చిట్టాలో మే 10వ తేదీ 18:45 అని ఉన్నచో ఇక్కడ అది మే 11వ తేదీ అర్ధరాత్రి దాటి 15 నిమిషాలు. ఈ లెక్క మరచిన వారు ఆ సమయంలో నిద్రలో ఉన్న సభ్యుని అనుమానించుటకు, చేసినవారిని వదలివేయుటకు అవకాశం ఉన్నది.

గిట్‌ను ఆధారం చేసుకొన్న ఉపకరణాలలో చరిత్ర వివరంగా ఉంటుంది కాని దాని పరిమితులు వేరు. మార్పు చేసినవారి పేరు, ఈమెయిలు వారు తమ కంప్యూటరులో తామే వ్రాసుకొన్నవి. డిజిటల్ సంతకం తప్పనిసరి చేయనిచో ఒకరి పేరుతో మరొకరు మార్పు నమోదు చేయగలరు. తగిన అధికారం ఉన్నవారు పాత చరిత్రను తిరగవ్రాయగలరు. అందువలన ప్రధాన శాఖలో చరిత్రను మార్చకుండా రక్షణ పెట్టుట అవసరం.

ఒక ఉదాహరణ

ఏలూరు జిల్లా ముసునూరు, నూజివీడు మండలాలు మామిడి తోటలకు పేరుపొందినవి. ఇక్కడి విద్యార్థులు అయిదుగురు మామిడి ధరలను ఫోనులో చూపే చిన్న అనువర్తనాన్ని చేస్తున్నారని ఊహించవచ్చును. భారత ప్రభుత్వపు డేటా.గవ్.ఇన్ జాలస్థలి వివిధ మార్కెట్లలోని రోజువారీ ధరలను ఏపీఐ ద్వారా ఇస్తుంది. రాష్ట్రం, జిల్లా, మార్కెట్టు, సరుకు, రకం, తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువగా పలికిన ధర అనే వివరాలు అందులో ఉంటాయి. ధర క్వింటాలుకు రూపాయలలో ఉంటుంది. అభ్యర్థన పంపుటకు ఏపీఐ కీ కావలెను.

తోటలవారు టన్ను లెక్కన ధర మాట్లాడుకుంటారు కనుక ఒక విద్యార్థి ధరను 10తో గుణించే వాక్యాన్ని సంచయంలోని స్క్రిప్టులో చేర్చాడు. ఆ సంగతి తెలియని మరొకరు తెరపై చూపే భాగంలో మరల 10తో గుణించాడు. క్వింటాలు 1,800 రూపాయలున్న కాయ టన్ను 18,000కు బదులు 1,80,000 అని కనిపించినది. ఇంకొకరు జిల్లా పేరును కృష్ణా నుండి ఏలూరుకు మార్చారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ముసునూరు, నూజివీడు మండలాలు ఏలూరు జిల్లాలో చేరినందున ఆ మార్పు సరియైనదే. కాని కాయను అమ్ముకొనే విజయవాడ సమీపంలోని నున్న మార్కెట్టు అదే విభజనలో ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. ఆ మార్కెట్టు కొరకు చూసినవారికి ఖాళీ జవాబు వచ్చినది.

అయిదుగురూ వేర్వేరు లాగిన్‌లతో పనిచేస్తే మార్పుల చరిత్రలో ఈ మూడు మార్పులూ మూడు పేర్లతో, మూడు సమయాలతో కనిపిస్తాయి. ఏ మార్పు సరియైనదో, దేనిని వెనుకకు తీయవలెనో కొద్దిసేపటిలో తేలుతుంది. అయిదుగురూ ఒకే లాగిన్ వాడితే చరిత్రలో ఒకే పేరు మూడుసార్లు కనిపిస్తుంది. ఏది ఎందుకు మార్చారో అడుగుటకు మనిషి దొరకడు. ఈలోగా తెరపై తప్పు ధర చూచిన రైతు వచ్చిన బేరాన్ని కాదనుకొనవచ్చును. కోసిన కాయ చిట్టా సరిచేసేవరకు ఆగదు.

సత్యం ఉదంతం

అధికారాలు, చిట్టాల మధ్య సంబంధాన్ని తెలుపుటకు తెలుగునాట జరిగిన పెద్ద ఉదాహరణ హైదరాబాదులోని సత్యం కంప్యూటర్ సర్వీసెస్. ఇది ఏపీఐ ఉపకరణానికి సంబంధించినది కాదు. సంస్థలోని బిల్లుల నిర్వహణ వ్యవస్థకు సంబంధించినది. అయినను ఇందులోని ప్రశ్న అదే. 2009 జనవరి 7న సంస్థ అధ్యక్షుడు బి. రామలింగరాజు లెక్కలలో 5,040 కోట్ల రూపాయల మేరకు లేని నగదు, బ్యాంకు నిల్వలు చూపినట్లు లేఖ ద్వారా వెల్లడించాడు.

సీబీఐ దర్యాప్తు ప్రకారం బిల్లుల వ్యవస్థలో 7,561 బూటకపు బిల్లులు తయారైనవి. సాధారణంగా బిల్లు ఉద్యోగుల పనిగంటలు, ప్రాజెక్టు వివరాల నుండి క్రమంగా తయారుకావలెను. ఈ బిల్లులు మాత్రం అత్యవసరం కొరకు ఉంచిన వేరొక మార్గంలో, సూపర్ యూజర్ అధికారంతో చేర్చబడినవి. ఆయా విభాగాధిపతులకు కనబడకుండా ఉండుటకు వాటికి ప్రత్యేకమైన గుర్తు పెట్టబడినది. కంప్యూటర్లను నిపుణులు పరీక్షించినపుడు ఈ గుర్తుల ద్వారానే బిల్లులు బయటపడినవి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతో సహా 10 మందిని దోషులుగా నిర్ణయించినది. అదే సంవత్సరం మేలో సెషన్స్ న్యాయస్థానం శిక్ష అమలును నిలిపి బెయిలు మంజూరు చేసినది.

ఈ ఉదంతం నుండి ఉపకరణాల నిర్వాహకులు గ్రహించవలసినవి మూడు. అన్ని తలుపులూ తెరిచే పాత్ర ఎంత తక్కువమందికి ఉంటే అంత మంచిది. ఆ పాత్రలో ఉన్నవారి పనులు వారి ఆధీనంలో లేని చిట్టాలో నమోదు కావలెను. అత్యవసరం కొరకు ఉంచిన దారిలో జరిగే పనులను మామూలు దారికంటె ఎక్కువ శ్రద్ధతో పరిశీలించవలెను.

చట్టపరమైన నిబంధనలు

భారతదేశంలో కంపెనీల జమాఖర్చుల సాఫ్టువేరులో ప్రతి మార్పు, దాని తేదీతో సహా నమోదయ్యే చిట్టా ఉండవలెనన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. ఈ చిట్టాను ఆపివేయుటకు వీలు ఉండరాదు.

భారత కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం సేవాసంస్థలు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ కంప్యూటరు వ్యవస్థల చిట్టాలను 180 రోజులపాటు భద్రపరచవలెను. నిర్దేశించిన రకాల భద్రతా ఘటనలను గమనించిన 6 గంటలలోగా తెలియజేయవలెను. వేర్వేరు యంత్రాల చిట్టాలను సరిపోల్చుటకు వీలుగా గడియారాలను నిర్ణీత కాల సర్వర్లతో సరిచేసుకొనవలెనని కూడా ఇందులో ఉన్నది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం కింద 2025 నవంబరులో వెలువడిన నియమాలు వ్యక్తుల వివరాలను ఎవరు చూచారో తెలిపే చిట్టాలను ఒక సంవత్సరం పాటు ఉంచవలెనని చెబుతున్నాయి. సంస్థలు సిద్ధమగుటకు ఈ నిబంధనకు 18 నెలల గడువు ఇవ్వబడినది.

పరిమితులు

చిట్టా జరిగినదానిని చెబుతుంది కాని జరుగకుండా ఆపలేదు. బహిరంగంగా పెట్టిన కార్యస్థలంలోని కీని ఎవరో ఒకరు నకలు చేసుకొంటే, ఆ కీతో వారు చేసే పనులు ఉపకరణపు చిట్టాలో కనిపించవు. ఆ కీ చెందిన వేరొక సంస్థ చిట్టాలో, అదీ కీ యజమాని పేరు మీద, కనిపిస్తాయి. భద్రతా సంస్థ క్లౌడ్‌సెక్ 2024 డిసెంబరులో వెల్లడించిన నివేదిక ప్రకారం 30,000కు పైగా బహిరంగ పోస్ట్‌మ్యాన్ కార్యస్థలాలలో ఏపీఐ కీలు మొదలైన రహస్య సమాచారం బయటపడి ఉన్నది. ఇది ఎక్కువగా వాడుకరులు అమరికలను సరిగా పెట్టుకొనకపోవుటవలన కలిగినది.

చిట్టాలోనే రహస్యాలు చేరుట మరొక ఇబ్బంది. అభ్యర్థన మొత్తాన్ని నమోదు చేస్తే సంకేతపదాలు కూడా అందులో పడతాయి. అప్పుడు చిట్టాను చూచే అధికారమే ఒక ప్రమాదమవుతుంది. చిట్టాను ఎవరూ చదవకపోవుట కూడా లోపమే. ఎవరు ఏ వారం చదవవలెనో నిర్ణయించనిచో, పద్దులు ఎన్ని ఉన్నా తప్పు బయటపడేది నష్టం జరిగిన తరువాతనే. చిట్టా వ్యక్తుల పనిని గణించుటకు వాడేది కూడా కాదు. ఎక్కువ పద్దులున్న సభ్యుడు ఎక్కువ పని చేసినట్లు అర్థం కాదు. ఒకే వాక్యాన్ని పదిసార్లు దిద్ది ఉండవచ్చును.

ఆచరణలో పాటించవలసినవి

* ప్రతి సభ్యునికి వేరు లాగిన్ ఉండవలెను. సంకేతపదాన్ని పంచుకొనరాదు.
* కొత్త సభ్యునికి ముందుగా వ్యూయర్ పాత్ర ఇచ్చి, అవసరమైనపుడు ఎడిటర్ పాత్ర ఇవ్వవలెను.
* సూపర్ అడ్మిన్‌లు ఇద్దరు ఉండుట మంచిది. ఒక్కరే ఉంటే వారు అందుబాటులో లేనపుడు పని నిలిచిపోతుంది. అందరూ అయితే ఆ పాత్రకు అర్థం ఉండదు.
* కార్యస్థలాన్ని బహిరంగం చేయుటకు ముందు ఇద్దరు వేర్వేరు సభ్యులు అందులోని విలువలను పరిశీలించవలెను.
* సభ్యుడు వైదొలగిన రోజే అతని ప్రవేశాన్ని రద్దుచేసి, అతనికి తెలిసిన కీలను మార్చవలెను.
* బయటపడిన కీని దస్త్రం నుండి తొలగించుట చాలదు. మార్పుల చరిత్రలో అది మిగిలి ఉంటుంది. ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకొనవలెను.
* మార్పు చేసినపుడు కారణాన్ని ఒక్క వాక్యంలో వ్రాయవలెను. ఎవరు, ఏమి, ఎప్పుడు అనే వాటిని యంత్రం వ్రాసుకొంటుంది. ఎందుకు అనేది మనిషి మాత్రమే వ్రాయగలడు.
* పరిశీలన చిట్టాను క్రమంగా దించి, ఉపకరణపు నిర్వాహకులు మార్చలేని చోట భద్రపరచవలెను.